ఆర్పానెట్‌ను ఆపేసిన మూడు సంఖ్యలు

1980 అక్టోబర్ 27న అమెరికాలో ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ గంటల తరబడి స్తంభించిపోయింది. తీగలు తెగలేదు, కరెంటు పోలేదు. ఐఎంపీలని పిలిచే ఆనాటి రూటర్లలో ఒకటి పాడై, ఒక సందేశంలో బిట్లు జారిపోయాయి. జరిగింది అంతే.

ఐఎంపీలు దారి వెతుక్కునే పద్ధతి ఆ ముందు ఏడాదే మారింది. ప్రతి యంత్రమూ తన లింకుల పరిస్థితిని నెట్‌వర్క్ అంతటికీ చాటాలి. దాంతో ఎవరికి వారు పూర్తి మ్యాపు తయారుచేసుకుని, డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతిలో దగ్గర దారి లెక్కగడతారు. కొత్త సమాచారమేదో, పాతదేదో తెలియడానికి వరస సంఖ్య ఉండేది. దానికి ఆరు బిట్లే కేటాయించడంతో 63 తర్వాత మళ్లీ సున్నాకే వచ్చేది.

ఆ రోజు సందేశంలో ఉన్న వరస సంఖ్య 44ను బైనరీలో రాస్తే 101100. ఒక బిట్ పోతే 101000, అంటే 40. మరొకటి పోతే 001000, అంటే 8. ఒకే ఐఎంపీ పేరు మీద ఈ మూడూ చలామణి అయ్యాయి. చుట్టూ తిరిగే ఆ లెక్కలో 8 కన్నా 40 కొత్తది, 40 కన్నా 44 కొత్తది, 44 కన్నా మళ్లీ 8 కొత్తది! దేన్ని చూసినా కొత్తదే అనుకుని ఐఎంపీలు ఒకదానికొకటి పంపుకుంటూనే పోయాయి. ఒకదాన్ని ఆపి మళ్లీ నడిపించినా పక్కవాటి నుంచి అదే సందేశం వచ్చిపడేది.

పాడైన యంత్రాన్ని తీసేశాక నెట్‌వర్క్ తనంతట తానే కోలుకునేలా ఉండాలని రాడియా పెర్ల్‌మన్ పట్టుబట్టి పరిష్కారం రూపొందించారు. రూటర్లు దారి వెతుక్కోవడానికి జాన్ మోయ్ రాసిన ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్‌లో ఆ జాగ్రత్తలు కనిపిస్తాయి. వరస సంఖ్యకు 32 బిట్లు, అదీ చుట్టూ తిరగదు. ఏ సమాచారానికైనా ఆయుష్షు 3,600 సెకన్లే. మెమరీలో ఉన్న కాపీని కూడా చెడిపోయిందేమోనని మధ్యమధ్య సరిచూస్తుంది. ఇవేవీ కాన్ఫిగర్ చేసేవాళ్లు ముట్టుకోనక్కర్లేదు. నా దృష్టిలో ఓఎస్‌పీఎఫ్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

మన చేతికి వదిలినవి వేరే ఉన్నాయి. ఈథర్నెట్ మీద రూటర్ సాధారణంగా 10 సెకన్లకోసారి హలో సందేశం పంపుతుంది, 40 సెకన్లు అవతలి నుంచి హలో రాకపోతే ఆ రూటర్ పోయిందనుకుంటుంది. ఈ అంకెలు రెండు వైపులా ఒకేలా లేకపోతే అసలు పొరుగు బంధమే కుదరదు. ఏ దారి మేలో తేల్చే లింకు కాస్ట్ లెక్కకు చాలా రూటర్లు ఇప్పటికీ 100 మెగాబిట్లనే ప్రమాణంగా తీసుకుంటాయి. అలాగే వదిలేస్తే 100 మెగాబిట్ల లింకుకూ, 10 గిగాబిట్ల లింకుకూ కాస్ట్ 1 అవుతుంది, రూటర్‌కు రెండూ సమానమైన దారులే. ఆ ప్రమాణాన్ని పెంచుకోవాలి, పెంచేటప్పుడు అన్ని రూటర్లలోనూ ఒకేలా పెంచాలి.