వేళకు కరిగే స్పాంజి

పన్ను పీకిన గుంటలో, విరిగిన ఎముకల సందులో, కాలిపోయిన చర్మం స్థానంలో డాక్టర్లు ఒక్కోసారి తెల్లటి మెత్తటి ముక్క ఒకటి పెడతారు. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, రెండు వేళ్ల మధ్య నొక్కితే అణిగిపోతుంది. రక్తం తగలగానే పీల్చుకుని, ఎర్రబడి, చుట్టూ ఉన్న కండకు అతుక్కుంటుంది. పెట్టాక దాన్ని మళ్లీ బయటికి తీయరు. కొన్ని వారాలకో నెలలకో ఆ ముక్క అక్కడ ఉండదు, ఆ చోటును రోగి సొంత కణజాలం ఆక్రమించి ఉంటుంది. అదే కొల్లాజెన్ స్పాంజి. ఒంట్లో పెట్టే వస్తువు అనగానే ఎంత గట్టిది, ఎన్నేళ్లు మన్నుతుంది అని అడగడం మనకు అలవాటు. మోకాలి కీలు విషయంలో ఆ ప్రశ్న సరైనదే. ఈ స్పాంజి విషయంలో మాత్రం అది ఎప్పుడు పోతుందని అడగాలి. స్లాబుకు కట్టే సెంట్రింగ్ లాంటిది ఇది. కాంక్రీటు బిగియకముందే ఊడదీస్తే స్లాబు కూలుతుంది, అసలు తీయకపోతే ఆ గదిలో ఎవరూ కాపురం ఉండలేరు. స్పాంజి తయారీలోని విద్య ముఖ్యంగా ఆ వేళను పట్టుకోవడంలోనే ఉందని నేను నమ్ముతున్నాను.

కొల్లాజెన్ మన ఒంటికి పరాయిది కాదు. మన శరీరంలోని ప్రొటీన్లలో సుమారు మూడో వంతు అదే. ఎముకంటే సున్నమే అనుకుంటాం కానీ, ఆ కాల్షియం ఫాస్ఫేట్ పేరుకునేది కొల్లాజెన్ పోగుల మీదే. దాని అణువులో మూడు గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లం ఉండబట్టే ఆ గొలుసులు అంత దగ్గరగా ఇమడగలిగాయి. మద్రాసులోనే ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ కూడా కొల్లాజెన్ పరిశోధనకు పెద్ద కేంద్రమైంది. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. తోలు పరిశోధనకూ ఎముకల వైద్యానికీ సంబంధమేమిటని అనిపించవచ్చు. తోలు ఊనడమంటే కొల్లాజెన్ పోగుల మధ్య రసాయనాలతో అడ్డుముడులు వేసి, కుళ్లకుండా, కరగకుండా చేయడమే. ఇందుకు పూర్తిగా ఎదురు పని మన వంటిళ్లలో జరుగుతుంది. మేక కాళ్లతో పాయా కాచినప్పుడు కొల్లాజెన్ గొలుసులు నీటి వేడికి విడిపోయి జెలటిన్ అవుతాయి, చల్లారాక రసం గడ్డకట్టేది అందుకే. తోలును ఒంట్లో పెడితే అది పోదు. జెలటిన్‌ను పెడితే పని మొదలుకాకముందే పోతుంది. స్పాంజి ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో తయారీదారు తేల్చుకోవాలి.

ముడిసరుకు ఎక్కువగా ఆవుజాతి పశువుల మడమ స్నాయువు లేదా చర్మం, కొన్నిటికి పంది చర్మం. కొవ్వు తీసి, సన్నగా తరిగి, కడిగి, క్షారంలోనూ ఆమ్లంలోనూ నానబెడతారు. గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టడం శుభ్రతకు మాత్రమే కాదు, మ్యాడ్ కౌ జబ్బుకు కారణమైన ప్రియాన్లను నిర్వీర్యం చేయడానికి కూడా. చాలా రకాల తయారీలో తరవాత పెప్సిన్ అనే ఎంజైమ్ వాడతారు. కొల్లాజెన్ అణువు రెండు చివర్లా ఉండే పొట్టి తోకల్లో ఒక జీవికీ మరో జీవికీ తేడా ఎక్కువ. మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టి తిరగబడే అవకాశం అక్కడే ఎక్కువ. పెప్సిన్ ఆ తోకలను కత్తిరించి, మధ్యలోని పెనవేతను ముట్టుకోదు. మిగిలినదాన్ని పలచని ఆమ్లంలో కలిపితే చిక్కటి ద్రవం తయారవుతుంది. ఆ ద్రవంలో కొల్లాజెన్ నూటికి ఒకటో రెండో పాళ్లు ఉంటే చాలు, తక్కినదంతా నీరే.

ఆ నీరే స్పాంజికి రూపమిస్తుంది. ద్రవాన్ని ట్రేలలో పోసి గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు పెరుగుతూ కొల్లాజెన్‌ను తమ మధ్య సందుల్లోకి నెడతాయి. తరవాత గాలి తీసేసిన గదిలో ఉంచితే మంచు కరగకుండానే నేరుగా ఆవిరైపోతుంది. స్ఫటికం ఉన్నచోట ఖాళీ గది, దాని చుట్టూ కొల్లాజెన్ గోడ మిగులుతాయి. నిదానంగా గడ్డకట్టిస్తే స్ఫటికాలు పెద్దవై గదులు పెద్దవవుతాయి, వేగంగా గడ్డకట్టిస్తే చిన్నవవుతాయి. గదులు మరీ ఇరుకైతే కణాలు లోపలికి దూరలేవు, మరీ వెడల్పయితే అవి పట్టుకుని పాకడానికి గోడలు చాలవు. ఎముక పెరగాలంటే రక్తనాళాలు కూడా లోపలికి రావాలి కాబట్టి సాధారణంగా 100 మైక్రాన్లకు మించిన గదులు కోరుకుంటారు.

ఇలా తయారైన స్పాంజిని అలాగే పెడితే మన ఎంజైములు దాన్ని త్వరగా తినేస్తాయి. అందుకే కొద్దిగా అడ్డుముడులు వేస్తారు. ఇందుకు గ్లూటరాల్డిహైడ్ వంటి రసాయనాలున్నాయి, వాటి అవశేషాలు మిగిలితే కణాలకు విషం. రసాయనం లేని దారి కూడా ఉంది. పూర్తిగా ఆరిన స్పాంజిని శూన్యంలో సుమారు 105 డిగ్రీల వేడి దగ్గర గంటల తరబడి ఉంచితే గొలుసులు తమలో తామే ముడిపడతాయి. నీరు తోడైతే కొల్లాజెన్‌ను పాడుచేసే వేడి, నీరు లేనప్పుడు దాన్ని బిగిస్తుంది. క్రిమిరహితం చేయడానికి ఆవిరి వాడకుండా ఇథిలిన్ ఆక్సైడ్ వాయువో గామా కిరణాలో వాడేది కూడా ఈ కారణానికే.

వేళకు ఇంత ప్రాధాన్యం ఉందనడానికి బలమైన సాక్ష్యం చర్మం నుంచి వచ్చింది. అమెరికాలో ఎంఐటీకి చెందిన అయొన్నిస్ యానస్, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ సర్జన్ జాన్ బర్క్ కలిసి పశువు కొల్లాజెన్‌నూ, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన పదార్థాన్నీ కలిపి స్పాంజి చేశారు. తీవ్రంగా కాలిన రోగులకు దాన్ని వాడిన ఫలితాలను 1981లో ప్రచురించారు. 1996లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతినిచ్చింది. గది పరిమాణం 20 నుంచి 120 మైక్రాన్ల మధ్య ఉండి, స్పాంజి సుమారు రెండు వారాల్లో సగం కరిగితేనే పుండు ముడుచుకుపోకుండా కొత్త చర్మపు లోపొర ఏర్పడుతుందని యానస్ బృందం తేల్చింది. అంతకంటే త్వరగా కరిగినా, మొండిగా మిగిలినా మచ్చకండే పెరిగింది. పదార్థం అదే అయినా కరిగే గడువు మారితే ఫలితం మారిపోయింది.

నొక్కితే అణిగిపోయే ముక్క ఎముకకు ఏం ఆసరా ఇస్తుందన్న ఆక్షేపణ న్యాయమైనదే. బరువు మోయడం దాని పని కాదు, ఆ భారం ప్లేట్లు, స్క్రూలు, లోహపు పంజరాలు మోస్తాయి. స్పాంజి చోటు కాపాడుతుంది, కొన్నిసార్లు మందును పట్టి ఉంచుతుంది. ఈ రెండో పనిలో చేదు అనుభవం కూడా ఉంది. ఎముకలో దాగిన పదార్థమేదో కొత్త ఎముకను పుట్టిస్తోందని 1965లో అమెరికా ఎముకల డాక్టరు మార్షల్ యూరిస్ట్ చూపించాడు. ఆ దారిలో వచ్చిన బీఎంపీ-2 అనే ప్రొటీన్‌ను కొల్లాజెన్ స్పాంజిలో నానబెట్టి వెన్నెముకలో పెట్టే ఇన్‌ఫ్యూజ్ ఉత్పత్తికి ఎఫ్‌డీఏ 2002లో అనుమతినిచ్చింది. ప్రొటీన్ పోగులకు పట్టుకోవాలని, ఆపరేషన్ గదిలో కనీసం పావుగంట స్పాంజిని అలాగే నాననిస్తారు. పట్టిందంతా నిలవదు, మొదటి రోజుల్లోనే చాలా భాగం బయటికి వచ్చేస్తుంది. అనుమతి లేకపోయినా మెడ ఎముకల్లో వాడినప్పుడు కొందరికి గొంతు వాచి ఊపిరాడలేదని 2008లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2013లో యేల్ విశ్వవిద్యాలయం చొరవతో వెలువడిన రెండు స్వతంత్ర సమీక్షలు, రోగి తుంటి ఎముక నుంచి తీసి పెట్టిన ముక్క కంటే దీనివల్ల చెప్పుకోదగ్గ మేలు లేదన్నాయి. స్పాంజి విద్యే వృథా అని దీన్నిబట్టి అనలేం. స్పాంజి కరిగే వేళ ఒకటి, అందులోని మందు విడుదలయ్యే వేళ మరొకటి అని గుర్తించి రెండింటినీ అదుపులో పెట్టాలని నేను దీన్నుంచి గ్రహిస్తాను.

ఆవుదో పందిదో ఒంట్లో పెట్టుకోవడానికి మనసొప్పని వారి అభ్యంతరాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం తప్పు. మన దేశంలో జంతు కణజాలంతో చేసిన ఇంప్లాంట్లను 2017 నాటి వైద్య పరికరాల నియమాలు అత్యధిక ప్రమాదమున్న ‘డి’ తరగతిలో ఉంచాయి. అది భద్రతకు సంబంధించిన జాగ్రత్త. విశ్వాసానికి సంబంధించిన జాగ్రత్త డాక్టరు నోటి నుంచి రావాలి. చేపల వైపు చూస్తున్నవారూ ఉన్నారు. కాడ్ వంటి చల్లని సముద్రపు చేపల కొల్లాజెన్ మన ఒంటి వేడికే విడిపోతుంది. మన చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె చేపల పొలుసుల్లోది అంతకంటే మెరుగ్గా వేడికి నిలుస్తుందని మన దేశంలో జరిగిన పరిశోధన చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇన్ని చేపల చెరువులుండగా ఈ దారిని గట్టిగా పరీక్షించకపోవడం నష్టమే.

చివరిది ఖర్చు. ఆరోగ్యవంతుడికి మామూలుగా పన్ను పీకితే ఆ గుంటలో గడ్డకట్టే సొంత రక్తమే సాధారణంగా మానే పని చేసుకుపోతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి స్పాంజి రక్తస్రావం ఆపడంలో సాయపడుతుంది. దానంతటది పూడలేనంత పెద్ద లోపం ఉన్నప్పుడు, తరవాత ఇంప్లాంట్ పన్ను కోసం దవడ ఎముకను నిలుపుకోవాల్సినప్పుడు దానికి చోటుంది. ఈ ముక్క ఏ జంతువుది, ఎన్నాళ్లకు కరుగుతుంది, పెట్టకపోతే ఏమవుతుంది అని రోగి అడగాలి. మొదటి రెంటికీ సాధారణంగా ప్యాకెట్‌తో వచ్చే కాగితంలో జవాబు దొరుకుతుంది. మూడోది ఆ గాయాన్ని చూసిన డాక్టరే చెప్పాలి.