మూడు పౌండ్ల లెక్క

కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక లెక్క చేద్దాం.

మీరు 1896లో మద్రాసులో ఓడ ఎక్కి నటాల్ వచ్చారనుకోండి. చెరకు తోటలో అయిదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. ఏటా ఒక షిల్లింగు పెరిగి, అయిదో ఏటికి 14 అయింది. బియ్యం, పప్పు, ఉండడానికి గది తోటవాళ్లే ఇచ్చారు.

ఇప్పుడు 1901. ఒప్పందం ముగిసింది. మీ ముందు మూడు దారులున్నాయి. ఉచితంగా ఓడ ఎక్కి తిరిగి వెళ్లవచ్చు. మళ్లీ ఒప్పందం రాయించుకోవచ్చు. లేదా ఇక్కడే స్వేచ్ఛగా బతకవచ్చు. కాని మూడో దారిలో పన్ను ఉంది. (తెలుగులో నోట్లో ఉండేదీ పన్నే. ఈ పన్ను కూడా కొరికేదే.) మనిషికి ఏటా 3 పౌండ్లు. పౌండుకు 20 షిల్లింగులు, అంటే మొత్తం 60. మీ నాలుగు నెలల జీతం దాటిపోయింది.

1895లో ఈ చట్టం చేసేముందు నటాల్ ప్రభుత్వం అడిగింది 25 పౌండ్లు. వైస్రాయి ఎల్గిన్ మూడింటికి ఒప్పుకున్నాడు. 25 విన్న చెవికి 3 దయలా వినిపిస్తుంది. మొదట విన్న ధర మనసులో మేకులా దిగుతుంది. బజారులో బేరం చేసేవాళ్లందరికీ ఇది తెలుసు.

1903లో పదహారేళ్లు నిండిన మగపిల్లలకూ, పదమూడేళ్లు నిండిన ఆడపిల్లలకూ ఈ పన్ను వేశారు. భార్య, భర్త, ఆ వయసు పిల్లలిద్దరు: 240 షిల్లింగులు. 14 షిల్లింగుల జీతం ఏడాదికి 168. ఇంకోసారి కూడి చూడండి.

మళ్లీ ఒప్పందం చేసుకుంటే, అది నడిచినంత కాలం పన్ను లేదు. ముగిశాక మళ్లీ వచ్చి పడుతుంది. చాలామంది ఒప్పందమే చేసుకున్నారు. రేపటి భారం కన్నా ఇవాళ్టి భారం మనిషికి పెద్దగా కనిపిస్తుంది. చేతిలోని బియ్యం పోతుందంటే భయం ఇంకా పెద్దది. దీన్ని మనవాళ్ల తెలివితక్కువ అంటే నేను ఒప్పుకోను. ఆ భయాన్ని లెక్కలో వేసుకునే చట్టం రాశారు.

1911లో భారతదేశం నటాల్‌కు కూలీలను పంపడం ఆపేసింది. ఉన్న కూలీల అవసరం తోటలకు పెరిగింది. ఒక్కడు పని మానితే జైలు. వేలమంది మానితే చెరకు ఎవరు కొడతారు? 1913 అక్టోబరులో న్యూకాజిల్ బొగ్గు గనుల్లో సమ్మె మొదలై, నవంబరుకు చెరకు తోటలకు పాకింది. 1914లో పన్ను పోయింది.

మీ ఇంట్లో పాత ఒప్పంద కాగితాలుంటే తేదీలు చూడండి. రెండో ఒప్పందం 1901 తర్వాతిదైతే, దాని వెనక ఈ లెక్క ఉండి ఉండవచ్చు.