అటక మీది బేకింగ్ డబ్బా: కేకు చేయకుండానే ఖాళీ చేద్దాం

నందికొట్కూరు నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశాను. ఈ రోజు ఎపిసోడ్‌లో ఫోన్ రివ్యూ లేదు, యాప్ లేదు, కోడింగ్ అసలే లేదు. కెమెరా తెచ్చి మా వంటింట్లో పెట్టాను. ఎందుకంటే, ఇదిగో ఈ డబ్బా. కనిపిస్తోంది కదా? మొన్నటిదాకా ఇది మా అటక మీద ఉండేది.

మూత తీసి చూపిస్తాను. మైదా కిలో ప్యాకెట్లు మూడు. బేకింగ్ పౌడర్, వంట సోడా. కోకో పౌడర్. కార్న్‌ఫ్లోర్. డ్రై ఈస్ట్. కండెన్స్‌డ్ మిల్క్ టిన్నులు రెండు. డార్క్ కాంపౌండ్ చాక్లెట్ స్లాబు ఒకటి. టూటీ ఫ్రూటీ, ఎండు కొబ్బరి పొడి, వెనిలా ఎసెన్స్. ఇది కాక ఫ్రీజర్‌లో బటర్ అర కిలో. మొత్తం కలిపి దాదాపు 3,400 రూపాయల సరుకు.

ఇదంతా ఎవరు కొన్నారు అంటే, నేనే. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నప్పుడు అమ్మ ఒకసారి కేకు చేసింది, సూపర్‌గా వచ్చింది. మనం ఇంజనీర్లం కదా, ఊరికే తిని ఊరుకోం. వెంటనే ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశా. నెలకి ఇన్ని ఆర్డర్లు, కేకుకి ఇంత లాభం, ఏడాదికి ఇంత అని లెక్కలు వేశా. అమ్మ "వద్దు నాయనా, మనకెందుకు" అంటున్నా వినకుండా ఆన్‌లైన్ సేల్‌లో అన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టేశా.

ఆ షీట్‌లో ఎండ అనే కాలమ్ మాత్రం పెట్టలేదు. ఏప్రిల్‌లో మన రాయలసీమ ఎండ ఎట్లుంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. తెలిసినవాళ్ల పాప పుట్టినరోజుకి కేకు ఆర్డర్ వచ్చింది. బండి మీద రెండు వీధులు తీసుకెళ్లేసరికి క్రీము మొత్తం ఒక పక్కకి జారిపోయింది. అందరి ముందర డబ్బా తెరిచారు. అమ్మ డబ్బులు వెనక్కి ఇచ్చేసి ఇంటికొచ్చి, ఏమీ మాట్లాడకుండా సామానంతా ఈ డబ్బాలో సర్ది అటక మీద పెట్టించింది.

దసరాకి ఇల్లు దులుపుతూ నేను దీన్ని కిందికి దించితే, "దాన్ని ముట్టుకోవాకు, ఆడనే ఉండనీ" అంది. ఆ మాటతో నాకు అర్థమైంది. డబ్బాలో ఉన్నది సరుకు ఒక్కటే కాదు. ఆ రోజు పడ్డ చిన్నతనం కూడా అందులోనే ఉంది. తీసుకొచ్చింది నేను కాబట్టి ఖాళీ చేయాల్సింది కూడా నేనే. దీపావళి ఎట్లాగూ వస్తోంది. సరే, మొదలుపెడదాం.

ముందు ఏది ఉంచాలి, ఏది పారేయాలి

స్వీటు చేయడానికి ముందు చెకింగ్ చేద్దాం. ప్యాకెట్ మీద రెండు రకాల డేట్లు ఉంటాయి. "బెస్ట్ బిఫోర్" అంటే ఆ తేదీ దాకా రుచి, వాసన బాగుంటాయని. అది దాటిన మరుసటి రోజే విషం అయిపోదు. "యూజ్ బై" లేదా "ఎక్స్‌పైరీ" అంటే మాత్రం దాటితే వాడొద్దు అని. ఈ రెండింటినీ ఒకటే అనుకుని మంచి సరుకు పారేసేవాళ్లున్నారు, పాడైంది వాడేవాళ్లూ ఉన్నారు.

మైదా: జల్లించి చూడండి. పురుగు, గూడు కనిపించినా, ముక్క వాసన వచ్చినా పారేయండి. మా మూడు ప్యాకెట్లలో ఒకటి తెరిచి ఉండిపోయింది, పురుగు పట్టింది. పోయింది, అంతే.

బేకింగ్ పౌడర్: అర గ్లాసు వేడినీళ్లలో ఒక స్పూను వేయండి. బుస్సుమని పొంగితే పనిచేస్తుంది, గమ్మున ఉంటే పని అయిపోయినట్టే. వంట సోడాకి మాత్రం నీళ్లు చాలవు, నిమ్మరసం పిండి చూడాలి. ఎందుకంటే సోడా నుంచి గ్యాస్ బాగా రావాలంటే పులుపు కావాలి. బేకింగ్ పౌడర్‌లో ఆ పులుపు పొడి రూపంలో ముందే కలిపి ఉంటుంది. అందుకే తేమ తగిలితే డబ్బాలోనే దాని పని అయిపోతుంది.

డ్రై ఈస్ట్: గోరువెచ్చని నీళ్లు, కొంచెం పంచదార, ఒక స్పూను ఈస్ట్. పది నిమిషాల్లో నురగ రావాలి. మాది రాలేదు. అటక మీద ఎండాకాలమంతా ఉంటే ఏం బతుకుతుంది పాపం.

చాక్లెట్: స్లాబు మీద తెల్లగా పూత కనిపిస్తే బూజు అని భయపడొద్దు. వేడికి లోపలి కొవ్వు కరిగి పైకి వచ్చి మళ్లీ గడ్డకడితే అట్లా అవుతుంది. నున్నగా, పొడిగా ఉంటే పర్లేదు, కరిగిస్తే పోతుంది. నూగు నూగుగా ఉంటేనే బూజు.

కండెన్స్‌డ్ మిల్క్: టిన్ను ఉబ్బినా, తుప్పు పట్టి కారుతున్నా వద్దు. తెరిచాక మిగిలింది టిన్నులోనే ఉంచకుండా గాజు సీసాలోకో స్టీలు డబ్బాలోకో మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు వాడేయండి.

ఇంకొక్క మాట, ఇది సీరియస్. రీల్స్‌లో పచ్చి మైదా, బటర్, పంచదార కలిపి "కుకీ డో" అని స్పూనుతో తింటుంటారు కదా, అది చేయొద్దు. పిండి కూడా ఉడకని పదార్థమే, అందులో సూక్ష్మజీవులు ఉండొచ్చు. 2016లో అమెరికాలో పిండి వల్ల ఇ.కోలై సోకి 63 మంది జబ్బుపడ్డారు. పిండి ఏదైనా వేగాలి, ఉడకాలి, లేదా కాలాలి.

కేకు సామాను అని వేరే ఏమీ లేదు

ఇప్పుడు అసలు పాయింట్. ఇవన్నీ మిగిలిపోయి మూలన పడేది ఎందుకంటే, మన బుర్రలో వీటికి "కేకు సామాను" అని లేబుల్ పడిపోయింది. కేకు చేయట్లేదు కాబట్టి ఇవి పనికిరావు అనుకుంటాం. ఆ లేబుల్ తీసేసి, ఇది ఏ పని చేస్తుంది అని అడగండి. మైదా అంటే పిండి. మన బక్షాలకి పైపిండి దేనితో కలుపుతాం? బటర్ అంటే నెయ్యి కాకముందు రూపం. కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న గంజిపొడి. కండెన్స్‌డ్ మిల్క్ అంటే పంచదార వేసి చిక్కబరిచిన పాలు, కోవాకి దగ్గరి చుట్టం. టూటీ ఫ్రూటీ అంటే చాలావరకు పచ్చి బొప్పాయి ముక్కలే, పాకంలో వేసి రంగు పట్టిస్తారు.

ఇది కొత్త ఐడియా కూడా కాదు. హైదరాబాద్ డబల్ కా మీఠా చూడండి. అందులో ఉండేది బేకరీ బ్రెడ్డే. బ్రెడ్డుని డబల్ రోటీ అనేవాళ్లు కాబట్టి ఆ పేరు వచ్చింది. దాన్ని నేతిలో వేయించి, పాకంలో, పాలలో నానబెడితే పెళ్లి భోజనంలో వడ్డించే స్వీటు అయింది. బేకరీ సరుకు మన పొయ్యి మీదికి ఎప్పుడో వచ్చేసింది.

మొదట బటర్. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్న సెగ మీద కాచండి. నురగ తగ్గి, అడుగున గసి గోధుమరంగుకి వచ్చినప్పుడు రెండు రెబ్బల మునగాకు వేసి దించి వడకట్టండి. అర కిలో బటర్‌కి సుమారు 400 గ్రాముల నెయ్యి వస్తుంది. ఉప్పు ఉన్న బటర్ అయినా పర్లేదు, ఉప్పు గసితో పాటు అడుగున ఉండిపోతుంది. ఇప్పుడు చేసే స్వీట్లన్నిటికీ ఈ నెయ్యే.

ఒకటి, కర్జికాయలు. రెండు కప్పుల మైదాకి రెండు స్పూన్ల వేడి నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి పూరీ పిండిలా గట్టిగా కలిపి అరగంట పక్కన పెట్టండి. లోపలికి పుట్నాల పొడి ఒక కప్పు, ఎండు కొబ్బరి పొడి ఒక కప్పు, పంచదార పొడి ముప్పావు కప్పు, యాలకులు, గుప్పెడు టూటీ ఫ్రూటీ. చిన్న పూరీ ఒత్తి, ఇది నింపి, అంచులు తడి చేసి గట్టిగా నొక్కండి. అంచు విడిపోతే నూనె మొత్తం పాడవుతుంది. మధ్యస్తం సెగ మీద వేయించండి.

రెండు, బాదుషా. రెండు కప్పుల మైదా, అర కప్పు నెయ్యి, పావు కప్పు పెరుగు, పావు టీస్పూను వంట సోడా. పెరుగులోని పులుపే సోడాని లేపేది. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, జాగ్రత్త. సోడా లేకపోతే ముప్పావు టీస్పూను బేకింగ్ పౌడర్ వేసుకోవచ్చు. పిండిని పిసక్కుండా దగ్గరికి తీసి అరగంట ఉంచండి. ఉండలు చేసి మధ్యలో బొటనవేలితో నొక్కి, బాగా సన్న సెగ మీద ఓపిగ్గా వేయించండి. సెగ పెంచితే పైన ఎర్రగా, లోపల పిండిగా ఉంటుంది. తర్వాత తీగ పాకంలో వేయాలి. పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే గడ్డకట్టదు.

మూడు, కార్న్‌ఫ్లోర్ హల్వా. స్వీటు షాపుల్లో బాంబే హల్వా అని అమ్ముతారే, అదే. అర కప్పు కార్న్‌ఫ్లోర్‌ని ఒకటిన్నర కప్పు నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. ఒకటింపావు కప్పు పంచదార, ముప్పావు కప్పు నీళ్లు మరిగించి అందులో ఇది పోసి కలుపుతూనే ఉండండి. చిక్కబడ్డాక నెయ్యి కొంచెం కొంచెంగా వేస్తూ పోవాలి. అద్దంలా మెరుస్తూ గిన్నెని వదిలేసే దాకా, సుమారు ఇరవై నిమిషాలు. చివర్లో వెనిలా, టూటీ ఫ్రూటీ. ఫోన్ చూస్తూ చేసే వంట కాదు ఇది, చెయ్యి ఆపితే అడుగంటుతుంది.

నాలుగు, నాకు బాగా నచ్చింది, కోకో బుడ్డల ఉండలు. మనం బుడ్డలు అంటాం, వేరేవాళ్లు వేరుశనగ అంటారు. రెండు కప్పుల బుడ్డలు వేయించి, పొట్టు తీసి, బరకగా పొడి చేయండి. అర టిన్ను కండెన్స్‌డ్ మిల్క్, రెండు పెద్ద స్పూన్ల కోకో, ఒక స్పూను నెయ్యి కలిపి సన్న సెగ మీద దగ్గరపడే దాకా తిప్పి, పొడి వేసి దించండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే ఉండలు కట్టి కొబ్బరి పొడిలో దొర్లించండి. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో తినేయండి. మిగిలేది ఉండదనుకోండి.

చాక్లెట్ స్లాబుకి ఇంకా సులువు. వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించి, వేయించిన బుడ్డలు కలిపి, ప్లేటు మీద స్పూనుతో చిన్న చిన్న కుప్పలు పెట్టండి. చాక్లెట్‌లో ఒక్క నీటిచుక్క కూడా పడకూడదు, పడితే ముద్దగా గట్టిపడిపోతుంది.

లెక్క తేలింది

చివరికి పారేసింది ఒక మైదా ప్యాకెట్, ఈస్ట్, అంతే. మిగిలింది అర డబ్బా కోకో, ఎసెన్స్ సీసా, కొంచెం బేకింగ్ పౌడర్. ఈసారి అన్నిటి మీద తెరిచిన తేదీ మార్కర్‌తో రాశాను. ఇకమీదట చిన్న ప్యాకెట్టే కొంటాను. సేల్‌లో తక్కువకి వచ్చింది అని కొన్నది వాడకపోతే, అది ఆదా కాదు ఫ్రెండ్స్, మనం కట్టిన ఫైన్.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మొదట్లో అమ్మ వంటింట్లోకి కూడా రాలేదు. నేను బాదుషా పిండి చపాతీ పిండిలా పిసుకుతుంటే చూడలేక, "లేయ్, అట్ల కాదు" అని నన్ను పక్కకి నెట్టేసింది. ఆ తర్వాత మొత్తం తనే చేసింది, నేను కెమెరా పట్టుకున్నా. ఆ కేకు జారిపోయిన ఇంటికి ఒక డబ్బా పంపిద్దామా అని అడిగితే ఏమీ అనలేదు. తెల్లారి చూస్తే తనే తీసుకెళ్లింది. ఏప్రిల్ తర్వాత ఆ వీధిలోకి వెళ్లడం అదే మొదటిసారి. ఏమన్నారమ్మా అంటే, "బాదుషా పాకం ఇంకొంచెం ముదరాల్సిందంట" అని నవ్వింది.

సో, మీ ఇంట్లో కూడా అటక మీదో, ఫ్రిజ్ వెనకాలో ఇట్లాంటి డబ్బా ఒకటి ఉంటుంది. ఈ రోజే దించండి. డేట్ చూడండి, వాసన చూడండి, ఇది ఏ పని చేస్తుంది అని అడగండి. ఏం మిగిలిందో, దానితో ఏం చేశారో కామెంట్‌లో రాయండి, అమ్మతో చదివిస్తాను. అందరికీ ముందుగానే దీపావళి శుభాకాంక్షలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై.