డాట్ అమెజాన్ ఎవరిది? ఒక ఎక్స్‌టెన్షన్ కోసం ఏడేళ్ల గొడవ

డాట్ కామ్‌లో ఒక పేరు కావాలంటే కార్డు తీసి కొనేస్తాం, ఐదు నిమిషాల పని. మరి ఆ డాట్ తర్వాత వచ్చే పదమే మనది కావాలంటే? అది కొనుక్కోవడం కాదు, ఒక రిజిస్ట్రీని నడిపే బాధ్యత తీసుకోవడం. అందుకు ఐక్యాన్ అనే సంస్థకు అప్లై చేయాలి. డబ్బు, సర్వర్లు, లాయర్లు అన్నీ ఉన్న అమెజాన్‌కే ఈ పనికి ఏడేళ్లు పట్టింది.

అసలేం జరిగింది?

2012లో ఐక్యాన్ దరఖాస్తులు పిలిచింది. ఒక్కోదానికి ఫీజు 1,85,000 డాలర్లు. అయినా 1,930 వచ్చాయి. అందులో డాట్ అమెజాన్ ఒకటి. కంపెనీ లెక్క సింపుల్: ట్రేడ్‌మార్క్ మాది, ఎక్స్‌టెన్షన్ కూడా మాదే.

బ్రెజిల్, పెరూ ఒప్పుకోలేదు. వాళ్లకు అమెజాన్ అంటే నది, అడవి, అక్కడ బతికే జనం. కానీ రూల్‌బుక్‌లో దేశాలు, రాజధానుల పేర్లకు రక్షణ ఉంది కానీ నదులకు లేదు. దాంతో ఐక్యాన్‌కు సలహాలిచ్చే ప్రభుత్వాల కమిటీలో పట్టుబట్టారు. 2014లో అప్లికేషన్ రిజెక్ట్ అయింది.

అమెజాన్ స్వతంత్ర సమీక్షకు వెళ్లింది. ప్రభుత్వాలు వద్దన్నాయి కదా అని వదిలేయకుండా బోర్డు సొంతంగా కారణాలు చూడాల్సిందని 2017లో ప్యానెల్ తేల్చింది. తర్వాత అమెజాన్ నది పరిధిలోని ఎనిమిది దేశాలతో బేరాలు నడిచాయి. కిండిల్స్, ఫ్రీ హోస్టింగ్ ఇస్తామని కూడా కంపెనీ ఆఫర్ చేసింది. రాజీ కుదరకుండానే 2019లో ఐక్యాన్ కంపెనీ వైపు మొగ్గింది.

రూల్ ప్రకారం ఇది కరెక్టే కావచ్చు. కానీ రేపు ఎవరో డాట్ గోదావరి అని అప్లై చేస్తే మనం ఊరుకుంటామా?

ఒకే పేరుకు పది మంది వస్తే?

ముందు ఒప్పందానికి ప్రయత్నించారు, కుదరకపోతే వేలం. డాట్ యాప్ కోసం గూగుల్ 2015లో సుమారు 2.5 కోట్ల డాలర్లు పెట్టింది. డాట్ వెబ్ 2016లో 13.5 కోట్ల డాలర్లు పలికింది. కొత్త రౌండ్‌లో ప్రైవేట్ సెటిల్‌మెంట్లకు చోటు లేదు. పోటీ మిగిలితే ఐక్యాన్ వేలమే.

మళ్లీ ఛాన్స్ ఎప్పుడు?

కొత్త రౌండ్ విండో 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 వరకు. ఫీజు 2,27,000 డాలర్లు, అంటే దాదాపు 2 కోట్ల రూపాయలు. తెలుగు లిపిలో కూడా అప్లై చేయొచ్చు. అయితే తెలుగు, కన్నడ అక్షరాలు కొన్ని ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, చూసేవాళ్లు పొరబడకుండా ప్రత్యేక రూల్స్ ఉన్నాయి.

అభ్యంతరం చెప్పడానికి నాలుగు దారులున్నాయి: పేరు ఇంకోదానిలా ఉండటం, ట్రేడ్‌మార్క్ లాంటి హక్కులు, ప్రజా ప్రయోజనం, ఒక సమూహం వ్యతిరేకత.

మనకేంటి?

2 కోట్లు మన దగ్గర లేకపోవచ్చు. కానీ మీ స్టార్టప్ పేరుతో ఎవరో డాట్ యాప్‌లో డొమైన్ పట్టేస్తే? దానికి యూడీఆర్‌పీ ఉంది, డాట్ ఇన్ అయితే ఐఎన్‌డీఆర్‌పీ. యూడీఆర్‌పీలో మూడూ నిరూపించాలి: పేరు మీ ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉందని, అవతలివాళ్లకు దానిపై హక్కు లేదని, దురుద్దేశంతోనే తీసుకుని వాడుతున్నారని. ట్రేడ్‌మార్క్ హక్కే లేకపోతే మొదటి మెట్టు దగ్గరే కేసు ఆగిపోతుంది. అందుకే లోగో డిజైన్ చేయించేముందే పేరు రిజిస్టర్ చేయించండి.