పిల్లిగద్దల విడిది - బిల్లసర్గము ఎముకలు

నంద్యాల జిల్లా రైతులకు పిల్లిగద్ద క్రొత్త పక్షి కాదు. చలికాలమున జొన్నచేల మీదుగా, మేతబీళ్ల మీదుగా, నేలకు కొద్ది అడుగుల ఎత్తున, రెక్కలు కొంచెము పైకెత్తి పట్టి, అటునిటు తూగుచు పోవు సన్నని డేగవంటి పక్షియే అది. మగది బూడిద రంగు. ఆడది గోధుమ రంగు. దాని తోక మొదట తెల్లని పట్టీ కనబడును. ఇచ్చటికి వచ్చు పిల్లిగద్దలలో ముఖ్యమైన రెండు జాతులును మన దేశమున గూడు కట్టవు. కజకిస్తాన్ మొదలగు మధ్య ఆసియా దేశముల గడ్డిమైదానములలో పిల్లలను పెంచి, సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ఇటు వచ్చి, ఏప్రిల్ నాటికి మరలిపోవును.

గద్ద యనగానే కోడిపిల్లల దొంగ యని తలచుట పరిపాటి. పిల్లిగద్ద విషయమున ఇది అన్యాయము. మన ప్రాంతమున ఇది ముఖ్యముగా మిడుతలను, ఆపైని ఎలుకలను, చిన్న పిట్టలను తినును. అరగని మిడుత కాళ్లను, ఎలుక వెండ్రుకలను ఉండలుగా కక్కును. రాత్రి విడిసిన గడ్డిలో ఆ ఉండలు దొరకును. వానిని విప్పి చూచినచో పక్షి ఏ పురుగును తిన్నదో చెప్పవచ్చును.

గుడ్లగూబయు ఇట్లే ఉండలు కక్కును. అది గుహలలో నివసించునపుడు ఆ ఉండలలోని ఎలుకల ఎముకలు గుహనేలపై రాలి, వానలకు కొట్టుకొనివచ్చిన మట్టిలో కప్పబడి, వేల ఏండ్లు నిలిచిపోవును. అట్టి గుహలు ఈ జిల్లాలోనే కలవు. బేతంచెర్ల సమీపమునగల బిల్లసర్గము గుహలను గూర్చి 1844లో న్యూబోల్డ్ అను సైనికాధికారి వ్రాసెను. 1883 నుండి 1885 వరకు భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అచ్చట త్రవ్వకములు జరిపిరి. దొరికిన ఎముకలను పరిశీలించిన లిడెక్కర్ 1886లో ఒక ఖడ్గమృగమునకు కర్నూలు పేరునే పెట్టెను. ఖడ్గమృగము మన మెట్టనేలలలో తిరిగినదన్న మాట!

ఇచ్చట ఒక సంగతి తెలియవలెను. మనము ఇండ్లకు పరచు నాపరాయి ఏబది కోట్ల ఏండ్లకు పైబడినది. అది సముద్రగర్భమున ఏర్పడిన కాలమునకు ఎముకలుగల జంతువులే లేవు. కావున బండలో ఎముక వెదకుట వృథా. నీరు సున్నపురాతిని కరగించి గుహను తొలిచిన చాలకాలమునకు లోపల చేరిన మట్టిలోనే ఎముకలుండును. ఆ మట్టి పొరలు పొరలుగా నుండును. ఏ పొరలో ఎముక యున్నదో దానినిబట్టి వయస్సు తేలును. వేడుకకై ఒక ఎముకను ఊడబెరికినచో అది ఉత్త ఎముకయే యగును, దాని కథ పోవును.

బిల్లసర్గము పొరలను మరల పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిన ఫలితము మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది. గుర్తింపబడిన 21 జంతుజాతులలో 20 జాతులు కనీసము లక్ష ఏండ్లుగా ఈ ఉపఖండమున నిలిచియున్నవి. కొన్ని తావులలో నశించినను, వేరు తావులలో చెదురుమదురుగా మిగిలిన అడవులు, బీళ్లు వానిని కాపాడినవని వారి అభిప్రాయము. ఇతర ఖండములలో పెద్ద జంతువులు అనేకము ఆ కాలముననే అంతరించినవి.

ఆ చెదురుమదురు బీళ్లలో నేడు మిగిలినవానిలో రోళ్లపాడు ఒకటి. బట్టమేక పక్షి రక్షణకై 1988లో 614 హెక్టార్ల గడ్డినేలను అభయారణ్యముగా ప్రకటించిరి. చుట్టుపట్ల మెట్ట సాగునీటి భూమిగా మారినది. బట్టమేక పక్షి ఇటీవలి ఏండ్లలో దాదాపు కానరాకున్నది. పిల్లిగద్దలు మాత్రము ఇంకను వచ్చుచున్నవి. అవి చెట్లపై పండుకొనవు. మోకాలెత్తు గడ్డిలో నేలపై గుంపుగా విశ్రమించును. కావున బీడు దున్నినను, తగులబెట్టినను, కుక్కలు స్వేచ్ఛగా తిరిగినను ఆ విడిది చెడును. దేశమున ముప్పది ఏండ్ల విడిది లెక్కలను పోల్చినవారు వీని సంఖ్య తగ్గినదనియే కనుగొనిరి. చేలలో మిడుతలకై చల్లు మందు వీని ఆహారమును తగ్గించుట వేరొక చిక్కు.

పంచాయతీ సభ్యులు దీనిలో ప్రేక్షకులు కారు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య సంఘమును ఏర్పరుపవలెను. గ్రామములోని మొక్కలను, జంతువులను, వాని తావులను దాఖలుచేయు పుస్తకమును ఆ సంఘమే తయారుచేయును. ఆ పుస్తకము అనేక చోట్ల బీరువాలోనే యుండుట మేమెరుగుదుము. మేతబీడును పంపిణీకి ప్రతిపాదించునపుడు, గుట్టలో రాతిగనికి అభిప్రాయమడిగినపుడు, పిల్లిగద్దలు విడియు గడ్డియు, మట్టి నిండిన గుహయు అందులో వ్రాయబడియున్నచో సభ్యుని మాటకు ఆధారముండును. విశేషమైన తావులను స్థానిక సంస్థలతో సంప్రదించి వారసత్వ స్థలములుగా ప్రకటించు అధికారము ఆ చట్టము 37వ విభాగము క్రింద రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు.

బడిపిల్లలను తీసికొనిపోదలచినవారు నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య ఉదయము గుహలకును, సాయంకాలము రోళ్లపాడునకును పోవుట మేలు. గుహలో పెద్దలు తోడుండవలెను, త్రవ్వకూడదు. అభయారణ్యమున అటవీ సిబ్బంది అనుమతి పొంది, ప్రొద్దు గ్రుంకుటకు ఒక గంట ముందుగా బాట ప్రక్కన కదలక కూర్చుండవలెను. మొదట ఒకటి రెండు పక్షులు వచ్చును. వెలుగు తగ్గుచుండగా నలుదిక్కులనుండి మిగిలినవి చేరి, బీడుపై చుట్టి చుట్టి, ఒక్కొక్కటిగా గడ్డిలో దిగి కనుమరుగగును. లెక్కించుట కష్టము గనుక ఒక్కొక్క దిక్కును ఒక్కొక్క పిల్లవానికి అప్పగించి, ఆ లెక్కను తేదీతోకూడ పంచాయతీ పుస్తకమున వ్రాయింపవలెను.