శివారు రైతు మాట వినే బడి

మార్చి నడుమకు వచ్చేసరికి కృష్ణా డెల్టాలోని గుడ్లవల్లేరు చుట్టుపక్కల మాగాణుల్లో మినుము పని చాలామటుకు అయిపోతుంది. బడుల్లో ఒంటిపూట మొదలవుతుంది. పదో తరగతి పిల్లలున్న ఇంట్లో టీవీ మూగబోతుంది, చుట్టాల రాకపోకలు తగ్గుతాయి. ఉగాది పచ్చడి నోట్లో వేసుకుని మళ్ళీ గైడు ముందు కూర్చునే పిల్లలు మన దగ్గర ఎందరో. ఎవరి పుస్తకం వారిది, ఎవరి మార్కులు వారివి. ఏడాదంతా పక్కపక్కన కూర్చున్న పిల్లలు కూడా ఈ రోజుల్లో ఒకరికొకరు పోటీదారులవుతారు. మామిడి పూత పిందె కట్టే కాలం మన బడిపిల్లలకు ఒంటరి కాలంగా మారిపోయింది. నన్ను బాధపెట్టే సంగతి ఇది.

ఇదే కాలాన్ని మరోలా గడిపే బడులు లోకంలో ఉన్నాయి. అమెరికాలో క్వేకర్లు అనే సమాజం వారు నడిపే ఆవాస పాఠశాలల్లో కొన్నింటికి సొంత పొలాలున్నాయి. అయోవా రాష్ట్రంలోని స్కాటర్‌గుడ్, ఒహాయోలోని ఆల్నీ అలాంటివి. మంచు కరిగి నేల దున్నడానికి వీలయ్యే వేళకు పిల్లలూ పంతుళ్ళూ కలిసి తోటపనిలోకి దిగుతారు. వంట, అంట్లు, ఊడ్పు అందరికీ వంతుల వారీగా వస్తాయి. తరగతిలో మొదటి మార్కు తెచ్చుకున్నవాడికి అంట్ల వంతు తప్పదు, ఫీజు మొత్తం కట్టినవాడికీ తప్పదు. ఈ పనంతా శాంతి చదువులో భాగమేనని వారంటారు. అంట్లు తోమడానికీ శాంతికీ లంకె ఏమిటన్నది చెప్పుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

క్వేకర్లు 1650ల ప్రాంతంలో ఇంగ్లండులో పుట్టిన క్రైస్తవ సమాజం. తమను తాము మిత్రులని పిలుచుకుంటారు. జార్జ్ ఫాక్స్ అనే ఆయన దీనికి ఆద్యుడు. ప్రతి మనిషిలోనూ దైవపు వెలుగు కొంత ఉంటుందని, దాన్ని చూడటానికి మధ్యలో పూజారి అక్కర్లేదని ఆయన చెప్పాడు. మాట చిన్నదే, పర్యవసానాలు పెద్దవి. అందరిలోనూ ఆ వెలుగు ఉంటే రాజు ముందు టోపీ తీయనక్కర్లేదు. ఆడవాళ్ళు సభలో మాట్లాడవచ్చు. ఎదుటి సైనికుడిలోనూ అదే వెలుగు ఉంది గనక అతన్ని చంపకూడదు. తాము ఎవరి మీదా, ఏ కారణానికీ ఆయుధం ఎత్తబోమని 1661 జనవరిలో రాజు రెండో చార్లెస్‌కు రాతపూర్వకంగా చెప్పారు. ఈ నమ్మకాల కోసం వేలమంది జైళ్ళకు వెళ్ళారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో వారిలో చాలామంది తుపాకీ పట్టకుండా గాయపడినవాళ్ళను మోశారు, యుద్ధం ముగిశాక ఓడిన దేశం పిల్లలకు కూడా అన్నం పెట్టారు. 1947లో నోబెల్ శాంతి బహుమతి ఇంగ్లండు, అమెరికా క్వేకర్ల సేవా సంస్థలు రెండింటికీ కలిపి వచ్చింది.

బడులు వారికి మొదటి నుంచీ ముఖ్యం. ఫిలడెల్ఫియాలో విలియం పెన్ చార్టర్ పాఠశాల 1689 నాటిది, ఇంగ్లండులో ఆక్‌వర్త్ 1779 నాటిది. నేడు వీటిలో చదివే పిల్లల్లో ఎక్కువమంది క్వేకర్లు కారు. హిందువులు, ముస్లిములు, యూదులు, ఏ మతమూ లేనివారు అందరూ ఉంటారు. కాబట్టి శాంతిని మతబోధగా చెప్పే వీల్లేదు, దాన్ని అలవాటుగా నేర్పాలి. అందుకు వారు వాడే సాధనాల్లో నాకు విలువైనవిగా తోచినవి మూడు.

మొదటిది మౌనం. వారానికి ఒకసారైనా బడి మొత్తం ఒకచోట చేరి నిశ్శబ్దంగా కూర్చుంటుంది. చిన్నవాళ్ళకు పది, పదిహేను నిమిషాలు, పెద్దవాళ్ళకు ఇంకా ఎక్కువసేపు. వేదిక లేదు, ఉపన్యాసం లేదు, పాట లేదు. చెప్పాలన్నది నిజంగా మనసులో నిలిచినవాళ్ళు లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటారు. దానికి వెంటనే ఎవరూ జవాబు చెప్పరు, మళ్ళీ మౌనం. చివర పక్కవాళ్ళతో చేయి కలిపి లేస్తారు. మొదట్లో పిల్లలు కదులుతారు, కిసుక్కున నవ్వుతారు. దాన్ని తప్పుగా పట్టరు. మన బడుల్లో నిశ్శబ్దం అంటే ఎక్కువగా మందలింపుకు ఫలితం. బెత్తం చూసి నోరు మూసుకున్న పిల్లవాడూ, తన ఇష్టంతో ఊరుకున్న పిల్లవాడూ బయటికి ఒకేలా కనిపిస్తారు. మొదటివాడు భయాన్ని నేర్చుకుంటున్నాడు, రెండోవాడు ఎదుటివారి మాట పూర్తయ్యేదాకా ఆగడం నేర్చుకుంటున్నాడు. తగాదాల్లో సగం ఈ రెండోది చేతకాకే పెరుగుతాయి.

రెండోది నిర్ణయం చేసే తీరు. క్వేకర్ల సభలో ఓటు వేయరు. ఎంతమంది ఎటు ఉన్నారో లెక్కపెట్టరు. సభను నడిపే వ్యక్తి అందరి మాటా విని, సభ మనసు ఎటు మొగ్గుతోందో గ్రహించి, అప్పటికప్పుడు ఒక తీర్మానం రాసి చదువుతారు. అందరూ సరే అంటేనే అది నిలుస్తుంది. ఒకరికి గట్టి అభ్యంతరం ఉంటే ఆగుతారు, మళ్ళీ వింటారు, వచ్చే సభకు వాయిదా వేస్తారు. నాకు నచ్చలేదు గానీ అడ్డుపడను అని పక్కకు తప్పుకునే వెసులుబాటు కూడా ఉంది.

కృష్ణా తూర్పు డెల్టాలో పుట్టినవాళ్ళకు ఈ పద్ధతి ఎందుకు కావాలో చెప్పడం తేలిక. కాలువ మొదట ఉన్నవాళ్ళు, నడుమ ఉన్నవాళ్ళు, శివారు భూములవాళ్ళు అంతా ఒక చోట చేరి నీటి వంతులకు చేతులెత్తి ఓటు వేస్తే ఏం జరుగుతుంది? తలకాలువ వాళ్ళూ నడుమవాళ్ళూ కలిస్తే చాలు, శివారు ఓడిపోతుంది. బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక వైపు రైతుకు నీరు అందకపోతే పైరు ఎండటంతో అయిపోదు, ఉప్పు పైకి తేలుతుంది. నష్టం అందరికన్నా ఎక్కువ అతనిది, ఓట్లు అందరికన్నా తక్కువ అతనివి. అతను సరే అనేదాకా తీర్మానం ఆపి ఉంచే సభ ఏదో, దాన్నే క్వేకర్లు తమ పిల్లలకు అలవాటు చేస్తున్నారు. ఆలస్యం అవుతుంది, నిజమే. కానీ ఓడినవాడు లేని నిర్ణయాన్ని రాత్రిపూట గండి కొట్టి చెడగొట్టేవాడు ఉండడు.

మూడోది తగువు తీర్చడం. ఇద్దరు కొట్టుకుంటే మనం మొదట అడిగేది, ముందు ఎవరు కొట్టారని. అమెరికాలో క్వేకర్లు 1972లో న్యూయార్కు నగరంలో పిల్లల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టారు: ఆటలు, చిన్న నాటకాలు, వలయంగా కూర్చుని మాట్లాడుకోవడం ద్వారా గొడవను హింస లేకుండా దాటడం. మరో మూడేళ్ళకు గ్రీన్ హేవన్ జైలులోని ఖైదీలే అడగ్గా అలాంటి శిక్షణను అక్కడా ప్రారంభించారు. తర్వాత అది ఎన్నో దేశాలకు పాకింది. దాని సారం మూడు ప్రశ్నల్లో పడుతుంది. ఏం జరిగింది, ఎవరికి నొప్పి కలిగింది, ఇప్పుడు దాన్ని సరిచేయడానికి నువ్వేం చేయగలవు? శిక్ష పడిన పిల్లవాడు శిక్ష వేసిన పంతులు గురించి ఆలోచిస్తాడు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన పిల్లవాడు తాను కొట్టినవాడి గురించి ఆలోచించక తప్పదు.

ఇప్పుడు అంట్ల సంగతికి వద్దాం. నా పని ఎవరో చేస్తారనుకునే పిల్లవాడికి ఆ ఎవరో కంటికి కనిపించడు. కనిపించని మనిషి మీద కోపం తేలిగ్గా వస్తుంది, చిన్నచూపు ఇంకా తేలిగ్గా వస్తుంది. మన దేశంలో దీనికి కులం తోడు. అందుకే గాంధీగారి నయీ తాలీం అనే చదువు పద్ధతి కూడా చేతిపని చుట్టూ అల్లుకుంది. 1937 అక్టోబరులో వార్ధా సమావేశం, ఆ వెంటనే జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి రూపం ఇచ్చాయి. సేవాగ్రాములో ఆ చదువు చెప్పే ఉపాధ్యాయులకు తర్వాతి కాలంలో శిక్షణ ఇచ్చిన మార్జొరీ సైక్స్ క్వేకరే. 1928లో మద్రాసు బడిలో పాఠాలు చెప్పడానికి వచ్చిన ఆ ఇంగ్లీషు యువతి శాంతినికేతన్‌లో, సేవాగ్రాములో పనిచేసి, 1960లలో నాగాలాండు శాంతి ప్రయత్నాల్లో కూడా పాలుపంచుకుంది.

క్వేకర్లకూ మనకూ ఇంకో లంకె మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ద్వారా ఉంది. ఆయన అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ కమిషన్‌లో ఆర్థర్ మోర్గన్ అనే అమెరికన్ ఇంజనీరు సభ్యుడు. ఆయన అక్కడి టెన్నెస్సీ లోయ ప్రాజెక్టులను నడిపే సంస్థకు మొదటి అధ్యక్షుడు, క్వేకర్లకు సన్నిహితుడు. కమిషన్ నివేదికలో గ్రామీణ విశ్వవిద్యాలయాల అధ్యాయం మీద ఆయన ముద్ర ఉంది. ఆయన కోడలు ఎలిజబెత్ 1962లో ఉత్తర కరోలినా కొండల్లో ఆయన పేరుతో చిన్న బడి పెట్టారు. క్వేకర్ల పద్ధతి, గాంధీ, మాంటిసోరీ ఆలోచనలు కలిసిన బడి అది. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలు పంతుళ్ళతో సమానంగా కూర్చుని, ఓటు లేకుండా బడి విషయాలు తేల్చుకుంటారు.

మన నేల మీదా ఇలాంటి విత్తనాలు పడ్డాయి. గుడ్లవల్లేరు నుంచి రైలెక్కితే కాసేపట్లో చేరే బందరులో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాద వృత్తి వదులుకుని దానికోసం బతికారు. ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గార్లు తోడు నిలిచారు. పుస్తకాల చదువుతో పాటు నేత, వడ్రంగం, యంత్రాల పని, చిత్రలేఖనం నేర్పిన విద్యాలయం అది. అడివి బాపిరాజుగారు అక్కడ చదివి, తర్వాత అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. బందరు హిందూ కళాశాలలో పాఠాలు చెప్పిన గోరాగారు 1940లో ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అన్ని కులాలవాళ్ళనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు నడిపారు. దేవుణ్ణి నమ్మిన క్వేకర్లు, నమ్మని గోరా ఇద్దరూ ఒకే చోటికి వచ్చారు: పక్కన కూర్చుని తినడం, కలిసి పనిచేయడం. మౌనానికి కూడా మన దగ్గర ఒక ఇల్లుంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారి రిషివ్యాలీ బడిలో పిల్లలు సాయంత్రం గుట్ట మీద చేరి పొద్దు గుంకేదాకా మాటల్లేకుండా కూర్చుంటారు. దాన్ని అస్తాచల్ అంటారు.

క్వేకర్లను మెచ్చుకునేటప్పుడు దాచకూడని సంగతి ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా ప్రభుత్వం ఆదివాసుల విషయంలో శాంతి విధానం పేరుతో ఒక ఏర్పాటు చేస్తే, క్వేకర్లు అందులో చేరి ఆదివాసీ పిల్లల కోసం వసతి బడులు నడిపారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి దూరం చేసి, వాళ్ళ భాషను, జుట్టును, పేర్లను మార్చారు. సాటి మనిషిలో వెలుగుందని నమ్మినవాళ్ళే ఆ మనిషి మాట వినడం మరిచారు. ఇటీవలి ఏళ్ళలో క్వేకర్లు ఆ తప్పును బహిరంగంగా ఒప్పుకుంటున్నారు, పాత కాగితాలు వెలికి తీస్తున్నారు. మంచి ఉద్దేశం ఒక్కటే పిల్లల్ని కాపాడదు. ఎవరి పిల్లలో వాళ్ళు నిర్ణయం జరిగే గదిలో ఉండాలి, వాళ్ళు వద్దంటే ఆగాలి. ఇక ఈనాటి క్వేకర్ బడుల్లో చాలావాటి ఫీజులు సామాన్యుడు కట్టగలిగినవి కావు. ఉపకార వేతనాలు ఇస్తున్నా ఆ దూరం దూరమే.

అయితే మౌనంగా కూర్చోవడానికీ, ఓటు లేకుండా తేల్చుకోవడానికీ ఫీజు అక్కర్లేదు. గుడ్లవల్లేరు పక్కనే అంగలూరులో జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఉంది. రేపటి పంతుళ్ళు అక్కడ తయారవుతున్నారు. పరీక్షల ఒత్తిడి లేని ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో వారానికి ఒక గంట చాలు. మొదట పది నిమిషాల మౌనం, తర్వాత బడిలో నిజంగా నలుగుతున్న ఒక్క సమస్య. పెద్దవి అక్కర్లేదు. చాలా బళ్ళలో ఆటస్థలం మొత్తం మగపిల్లల క్రికెట్‌కే పోతుంది, ఆడపిల్లలు గోడ నీడన నిలబడతారు. ఓటు పెడితే గొంతు పెద్దదిగా ఉన్నవాళ్ళే గెలుస్తారు. ఆడపిల్లల్లో అందరికన్నా మెత్తగా మాట్లాడే అమ్మాయి సరే అనేదాకా సభ ఆగాలి. ఒక వారంలో తేలకపోతే రెండో వారం మళ్ళీ కూర్చోవాలి. పంతులుగారు మధ్యలో తీర్పు చెప్పి ముగించకూడదు, అది అన్నిటికన్నా కష్టమైన నియమం. తేలిన వంతుల పట్టీని పిల్లలే రాసి గోడకు అంటించాలి, కింద పంతుళ్ళు కూడా సంతకాలు చేయాలి.