నూతన సంవత్సర నియమాలు - పాదాంశిక క్రమం

ఆంగ్ల సంవత్సరాది వచ్చిందంటే మన పట్టణాలలోని ఉద్యానవనాలలో ఉదయం వేళ నిలబడడానికి చోటు దొరకదు. కొత్త బూట్లు, కొత్త మఫ్లర్లు, చేతులు బారలుగా ఊపుతూ నడిచే పెద్దలు. సంక్రాంతి అరిసెల డబ్బా ఖాళీ అయ్యేసరికి ఆ జనంలో చాలామంది కనబడరు. జనవరి ద్వితీయార్ధంలో వారిలో కొందరు నా వైద్యశాలకు వస్తారు. ఒకరికి మోకాలి వాపు, మరొకరికి ఆమ్లపిత్తం, ఇంకొకరికి తెల్లవారుజామున చన్నీటి తలస్నానం వలన పట్టిన పడిశం. అందరూ చెప్పే మాట ఒక్కటే: "ఆరోగ్యం కోసమే మొదలుపెట్టానండీ!"

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఆదాయంతోపాటు వ్యయాన్ని, రాజపూజ్యంతోపాటు అవమానాన్ని కూడా చదివి వినిపిస్తారు. జనవరి ఒకటవ తేదీన వ్రాసుకొనే నియమాల పట్టికలో మాత్రం ఎవరూ వ్యయం పద్దు వ్రాయరు. పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, పిల్లల పరీక్షలు, జ్వరాలు ఆ సంవత్సరంలో రానే రావన్నట్లు 365 రోజులకూ ఒకే లెక్క వేస్తారు.

మన ఆయుర్వేద శాస్త్రం ఈ విషయాన్ని చాలా సూక్ష్మంగా ఆలోచించింది. చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలోను, వాగ్భటుని అష్టాంగహృదయంలోను పాదాంశిక క్రమమనే పద్ధతి చెప్పబడింది. పాదమనగా నాలుగవ వంతు. అలవాటైన అపథ్యాన్ని పావు వంతు చొప్పున విడుస్తూ, ఆ ఖాళీలో పథ్యాన్ని పావు వంతు చొప్పున చేర్చుకొంటూ పోవాలి. మొదటి మెట్టుకు, రెండవ మెట్టుకు, మూడవ మెట్టుకు మధ్య ఎడమును క్రమంగా పెంచాలి. పావు వంతు కూడా ఓర్చుకోలేనివారు పావులో పావును, అంటే పదహారవ వంతును విడవవచ్చునని వాగ్భటుడు వెసులుబాటు ఇచ్చాడు. చెడ్డ అలవాటునైనా ఒక్కసారిగా మానితే, మంచి అలవాటునైనా ఒక్కసారిగా పట్టుకొంటే అది వికారానికే కారణమౌతుందని ఆయన స్పష్టంగా హెచ్చరించాడు. చిరకాలంగా అలవాటైన వస్తువుకు శరీరం సర్దుకొని ఉంటుంది. దీనినే సాత్మ్యం అంటారు. ఆ సర్దుబాటును ఒక్క పూటలో తెంచివేస్తే ధాతువులు తల్లడిల్లుతాయి.

కాఫీనే తీసుకొనండి. రోజుకు నాలుగు కప్పులు త్రాగే గృహస్థుడు ఒకటవ తేదీన పూర్తిగా మానివేస్తే, మరునాటికల్లా తలనొప్పి, చిరాకు, మగత పట్టుకొంటాయి. కొందరికి వారం వరకూ వదలవు. ఇంట్లో వారికి ఆ వారం ఎలా గడుస్తుందో చెప్పనక్కరలేదు! మూడవనాడు ఇల్లాలే కాఫీ కలిపి చేతికిస్తుంది. వ్యాఖ్యాతలు దినాల లెక్కను తలా ఒక విధంగా వివరించారు గాని, గృహస్థులకోసం మా గురువుగారు దినాలను వారాలుగా మార్చి చెప్పేవారు. మొదట ఒక కప్పు తగ్గించి ఒక వారం మూడింటితో గడపాలి. తరువాత మరొకటి తగ్గించి రెండు వారాలు. మూడవది తగ్గించి మూడు వారాలు. ఆ పైన మిగిలిన ఒక్క కప్పును విడవాలో ఉంచుకోవాలో ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చు. జనవరి ఒకటిన ఆరంభిస్తే ఫిబ్రవరి రెండవ వారానికి ఈ ఆరు వారాలూ పూర్తవుతాయి. తగ్గించిన ప్రతి కప్పు వేళకూ నోటికి వెచ్చగా ఏదో ఒకటి అందాలి. ఒక చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి, గ్లాసున్నర నీటిలో వేసి గ్లాసు అయ్యేవరకు మరిగించి, వడగట్టి త్రాగవచ్చు. మధుమేహం లేనివారు చిటికెడు పటికబెల్లం చేర్చుకొన్నా బాధ లేదు.

నడక విషయంలో శాస్త్రం చెప్పిన కొలత మరీ అందమైనది. వ్యాయామం అర్ధశక్తితో చేయాలి. ఇన్ని మైళ్ళని గాని, ఇన్ని అడుగులని గాని లెక్క చెప్పలేదు. నుదుట, ముక్కుపైన, చంకలలో, కీళ్ళవద్ద చెమట పట్టడం, నోరు ఎండడం కనిపించిన చోట ఆపివేయాలి. అదే ఆనాటికి మీ అర్ధశక్తి. ముప్పై ఏళ్ళ కుమారునికి అది గంట నడక కావచ్చు, అరవై ఏళ్ళ తండ్రికి పదిహేను నిమిషాలే కావచ్చు. పదివేల అడుగులు పూర్తి కావాలని రాత్రి భోజనం తరువాత హాలులో గిరగిరా తిరిగేవారిని చూశాను. చేతి గడియారానికి అడుగులు లెక్కపెట్టడం తెలుసు గాని, దానిని కట్టుకొన్నవారి మోకాళ్ళ సంగతి తెలియదు గదా! నడకలో ఛాతీ బరువు, ఎడమ చేయి లాగడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే అది అలసట అనుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ అర్ధశక్తి అయినా శీతకాలంలోను, వసంతంలోను మాత్రమే. తక్కిన ఋతువులలో వ్యాయామం అంతకంటె స్వల్పంగా ఉండాలి. మన కోస్తాలోను, తెలంగాణలోను రోహిణి కార్తె ఎండలలో జనవరి నాటి నడకనే నడవాలని పంతం పట్టడం శాస్త్రసమ్మతం కాదు. హేమంత శిశిరాలలో జఠరాగ్ని బలంగా ఉంటుంది. ఆ రోజులలో భోజనాన్ని సగానికి కోసివేయడం మరింత పొరపాటు. ఇంధనం అందని అగ్ని ధాతువులనే దహిస్తుంది. వర్షాకాలంలో అగ్ని మందగిస్తుంది గనుక తేలిక భోజనపు నియమం ఆనాటికి తగినది. ఋతువు మారేటప్పుడు కూడా వెనుకటి ఋతువు చివరి వారం, రాబోయే ఋతువు మొదటి వారం కలిపి పదునాలుగు దినాలను ఋతుసంధి అన్నారు. పాత నియమాన్ని మెల్లగా విడిచి కొత్త నియమాన్ని మెల్లగా పట్టుకోవడానికి ఆ గడువు. కాబట్టి సంవత్సరానికంతటికీ ఒక్క నియమం వ్రాసుకొనేకంటె, ఋతువుకొకటిగా వ్రాసుకోవడం మేలు.

బ్రాహ్మీ ముహూర్తాన లేవాలనే నియమాన్ని చాలామంది నాలుగు గంటల అలారంగా మార్చుకొన్నారు. సూర్యోదయానికి సుమారు 96 నిమిషాల ముందు అది ఆరంభమౌతుంది. హైదరాబాదులో జనవరి మధ్యలో ఆ వేళ అయిదు దాటిన తరువాతనే వస్తుంది. మే చివరికి వచ్చేసరికి నాలుగు గంటల ప్రాంతానికి జరుగుతుంది. పైగా వాగ్భటుడు స్వస్థుడు లేవాలన్నాడు. రాత్రి పన్నెండు వరకూ టెలివిజను ముందో ఫోను ముందో కూర్చున్నవానికి, రాత్రి తిన్నది అరగనివానికి ఆ నియమం వర్తించదు. ఇటువంటివారు ముందు పడుకొనే వేళను వారానికి పావుగంట చొప్పున వెనుకకు జరుపుకొంటే, లేచే వేళ దానంతట అదే జరుగుతుంది.

ఒక ఇల్లాలు ప్రతిదినం అభ్యంగనం చేసుకోవాలని నిశ్చయించుకొన్నారు. ఇద్దరు పిల్లల స్కూలు బస్సు, అత్తగారి మందులు, భర్త క్యారియరు. నాలుగు రోజులలో ఆగిపోయింది. "నా వల్ల కాదులెండి డాక్టరుగారూ" అని బాధపడ్డారు. "శాస్త్రమే దారి చూపిందమ్మా" అని చెప్పాను. అభ్యంగనం ముఖ్యంగా శిరస్సుకు, చెవులకు, పాదాలకు అని ఉన్నది. రాత్రి పడుకొనేముందు గోరువెచ్చని నువ్వుల నూనె అరికాళ్ళకు అయిదు నిమిషాలు, శనివారం మాత్రం సర్వాంగాలకు. జలుబు చేసినప్పుడు, అజీర్ణమైనప్పుడు మానివేయాలి. ఆమెకు ఇప్పుడు మూడవ సంవత్సరం.

ఇక ప్రాణం మీదికి వచ్చే విషయం. మధుమేహానికి మాత్రలు వాడే ఒక పెద్దమనిషి, విశ్రాంత ఉద్యోగి, ఒకటవ తేదీనుండి రాత్రి భోజనం మాని, ఉదయం ఏమీ తినకుండా అయిదు కిలోమీటర్ల నడక మొదలుపెట్టారు. మాత్రలు యథాప్రకారం వేసుకొంటూనే ఉన్నారు. నాలుగవనాటి ఉదయం చెమటలు పట్టి, చేతులు వణికి, స్నానాల గదిలో పడిపోయారు. ఆయన భార్య సమయస్ఫూర్తితో పంచదార నీళ్ళు త్రాగించబట్టి తేరుకొన్నారు. స్పృహ లేకుంటే ఆ నీళ్ళు పోయడం కూడా ప్రమాదమే, నేరుగా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. తరువాత ఆయన డాక్టరు మాత్రల మోతాదు సవరించిన పిమ్మటనే భోజనంలో మార్పు మొదలైంది. మధుమేహం, రక్తపోటు, మూర్ఛ, గుండెజబ్బులకు మందులు వాడేవారు వైద్యుని అడగకుండా ఆహారాన్ని గాని, మందులను గాని ఒక్కసారిగా మార్చరాదు. "ఈ సంవత్సరం ఇంగ్లీషు మందులు మానేస్తాను" అన్న నియమాన్ని ఆయుర్వేద వైద్యుడనైన నేను కూడా సమర్థించను.

మద్యం సంగతి వేరుగా చెప్పాలి. ఏళ్ళ తరబడి ప్రతిదినం అధికంగా త్రాగినవారు ఇంటిలో ఒంటరిగా ఒక్కసారి మానితే వణుకు, ఫిట్స్, మతిభ్రమణం కలుగవచ్చు. వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. మానివేసినవాడు మళ్ళీ ఒక్కసారిగా అతిగా త్రాగితే ధ్వంసకము, విక్షయము అనే రెండు వ్యాధులు వస్తాయని చరక సంహిత మదాత్యయ ప్రకరణంలో ఉన్నది. వారం నిగ్రహించి, పండుగనాడు "ఈ ఒక్కరోజే" అని వారానికి సరిపడా పుచ్చుకొనేవారిని ఆ గ్రంథకర్తలు చూసే ఉంటారు. పొగాకుకు మాత్రం పాదాంశం పట్టుకొని కూర్చోనక్కరలేదు. ఒక తేదీ పెట్టుకొని పూర్తిగా మానగలిగినవారు మానవచ్చు. ఒకటి రెండు వారాల చిరాకే తప్ప దానివల్ల ప్రాణభయం లేదు.

మధ్యలో నియమం తప్పినవారు చాలామంది "పోయింది, ఇక వచ్చే జనవరికే" అంటారు. మూడు రోజులు నడక ఆగితే నాలుగవనాడు మొదటి మెట్టునుండి కాక, ఆగిన మెట్టుకు ఒక మెట్టు క్రిందనుండి మొదలుపెట్టండి. జ్వరం వచ్చి తగ్గినవారు మాత్రం ఆకలి, బలం కుదుటపడేవరకు మొదటి మెట్టుమీదనే ఉండాలి.

జనవరిలో ఏదీ సాగనివారికి ఉగాది దగ్గరలోనే ఉన్నది. అప్పటికి వసంత ఋతువు. శీతకాలంలో పేరుకొన్న కఫం ఎండకు కరిగి అగ్నిని మందగింపజేసే కాలం. ఆనాడు మొదలుపెట్టేవారు పగటి నిద్రతో ఆరంభించవచ్చు. మధ్యాహ్నం గంటసేపు పడుకొనేవారు ముందు దానిని మూడు పావులకు తగ్గించాలి. వారం గడిచిన తరువాత అరగంట. ఉగాది పచ్చడిలోని వేపపువ్వును ఆ ఒక్కరోజుతో సరిపెట్టక, ఎండబెట్టి దాచుకొని వారానికి రెండుసార్లు చారులో పోపుగా వేసుకొనండి.